ట్రంకుపెట్టె బాబాయ్

మా బాబాయ్ ఆరేళ్లుగా తన బొమ్మల్ని వదిలించుకుంటున్నాడు. ఆరేళ్ల కిందట ఎన్ని ఉన్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయి. ఒకటో రెండో పెరిగాయని పిన్ని అనుమానం.

ఆయనొక్కడే అయితే ఇదంతా రాయకపోదును. ఈ జాతి మనుషులు ప్రతి బజారుకీ ఒకరున్నారు. ఖమ్మంలో నాకు తెలిసిన ఒకాయన అగ్గిపెట్టెల మీది బొమ్మలు దాచాడు. కొత్తగూడెంలో గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన అటక మీద కూల్‌డ్రింక్ మూతలు రెండు గోనెసంచులున్నాయి. ఎవర్ని కదిపినా ఒకటే మాట: "ఎవరన్నా తీసుకపోతే ఇచ్చేస్తా." ఆ "ఎవరన్నా" అనే మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినా వీళ్లకు నచ్చడు.

బాబాయ్‌ది భద్రాచలంలో బస్టాండుకు దగ్గర్లో చిన్న కిరాణా కొట్టు. 1990ల చివర్లో చిప్స్ ప్యాకెట్లలో టాజోలని రూపాయి బిళ్ల కంటే పెద్ద ప్లాస్టిక్ బిళ్లలు వచ్చేవి, గుర్తుందా? హవాయిలో పాలసీసాల అట్టమూతల్ని పేర్చి, పైనుంచి కొట్టి, తిరగబడ్డవి గెలుచుకునే ఆట ఒకటుంది. దాన్నే చిప్స్ కంపెనీ ప్లాస్టిక్‌లోకి మార్చి 1994లో మెక్సికోలో మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి బయల్దేరి ప్రపంచమంతా తిరిగి గోదారి ఒడ్డున మా బాబాయ్ చేతిలో పడ్డాయి. మిగతా ఊళ్లలో పిల్లలు పోగేశారు. మా ఊళ్లో కొట్టువాడే పోగేశాడు. తేడా అంతే.

దానికి ఆయన దగ్గరో విద్య ఉండేది. ప్యాకెట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పాపాయి కడుపు నొక్కినట్టు మెల్లగా నొక్కేవాడు. చిప్స్ విరక్కూడదు, బిళ్ల తగలాలి. తగిలిందా, ఆ ప్యాకెట్టు దండ కింది నుంచి మాయమై గల్లాపెట్టె వెనక చేరేది. ఎండాకాలం సెలవులకు వెళ్లిన మాకు మధ్యాహ్నం పూట "చిరిగిపోయిన" చిప్స్ దొరికేవి. ఒక్క వేసవిలో అన్ని ప్యాకెట్లు ఎలా చిరుగుతాయని మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొట్టుకు నష్టం, మాకు ఒళ్లు.

టాజోల తరవాత కుస్తీవీరుల కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన కుస్తీలు అన్నీ అచ్చేసి ఉండేవి. ఆ కుస్తీలు నడిపే కంపెనీ 2002లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేరు మార్చుకుని డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు బాబాయ్ పిన్నికి స్వీటు తెచ్చాడు. పాత పేరున్న కార్డులకు ఇక రేటు ఆకాశమేనట. ఆకాశం ఇరవై ఏళ్లు దాటినా ఇంకా కిందికి దిగిరాలేదు.

తరవాత మన హైదరాబాదులోనే పుట్టిన ఛోటా భీమ్. 2008లో టీవీకెక్కిన దగ్గర్నుంచి బొమ్మలై, బ్యాగులై, పెన్సిలు డబ్బాలై ఊళ్ల మీద పడ్డాడు. ఆ వెనకే కిండర్ జాయ్. గుడ్డులో ఒక సగం చాక్లెట్టు, ఒక సగం బొమ్మ. చాక్లెట్టు మనవడికి, బొమ్మ తాతకు. ముక్కుమీదికి కళ్లజోడు జారుతుంటే, నాలుక కొస పళ్ల మధ్య బిగబట్టి, చిటికెనవేలు గోరంత చక్రాన్ని ఇరుసుకు తగిలిస్తున్న బాబాయ్‌ని చూస్తే కంసాలి కూడా లేచి నమస్కారం పెడతాడు.

ఇదంతా మా తాత ట్రంకుపెట్టెలో ఉండేది. పచ్చరంగు పెట్టె, ఒక మూల సొట్ట. తెరిస్తే ముందు నాఫ్తలీన్ ఉండల వాసన, తరవాత పాత హార్లిక్స్ సీసాలు. ఒక్కో సీసాకు పప్పుల డబ్బాకు అతికించినట్టు చీటీ: "జంతువులు, డబుల్స్", "భీముడు, చెయ్యి విరిగినవి". కార్డుల కట్టలకు వేసిన రబ్బరుబ్యాండ్లు కరిగి అంటుకుపోయాయి. వాటిని గోటితో గీకి తీసినా మచ్చ పోలేదు. అందువల్ల హల్క్ హోగన్ ఛాతీకి అడ్డంగా గోధుమరంగు జంధ్యం ఉంటుంది. వీటన్నిటికీ ఒక పొడుగాటి చిట్టా పుస్తకం. కుడివైపు పేజీల్లో ఊరివాళ్ల అరువులు, ఎడమవైపు పేజీల్లో బొమ్మలు, వాటి "నేటి విలువ". రామదాసు రాముడికి చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి, ఎవడబ్బ సొమ్మని నిలదీశాడు కదా, ఆ నేల గాలి బాబాయ్‌కీ సోకింది. కాకపోతే రామదాసు పద్దు నిజం బంగారానిది.

వదిలించుకునే ప్రస్తావన అమ్మాయి పెళ్లికి ఇంటికి రంగులు వేయించేటప్పుడు వచ్చింది. "పెట్టె ఉంటుందా, నేనుంటానా?" అంది పిన్ని. బాబాయ్ కాసేపు ఆలోచించాడు. ఆ కాసేపు ఆలోచించినందుకే ఆరేళ్లుగా సాధిస్తోంది.

మొదట పాత సామాన్ల కుర్రాణ్ణి పిలిచారు. వాడు కొక్కెం తక్కెడకు మూట తగిలించి, "పదకొండు కిలోల నాలుగొందలు. కిలో పదికి తీసుకుంటా బాబాయ్" అన్నాడు. బాబాయ్‌కి మాట పడిపోయింది. ఆయన లెక్క బిళ్లకింత. వాడి లెక్క కిలోకింత. ఇద్దరూ ఒకే సరుకు గురించి మాట్లాడుకుంటున్నారని నాకైతే అనిపించలేదు. చివరికి వాడు దయతలచి, "సీసాలతో సహా ఇయ్యి, నూట యాభై ఇస్తా" అన్నాడు. హార్లిక్స్ సీసాలకు ధర పలికి భీముడికి పలకకపోవడం బాబాయ్ భరించలేకపోయాడు. కుర్రాడికి మజ్జిగిచ్చి పంపేశాడు.

తరవాత నేనే ఫోన్లో ప్రకటన పెట్టాను. ఆయన చెప్పిన రేటు లక్ష. నేను ఒక సున్నా తీసేశాను, ఆయన చూడకుండా. నాలుగు సమాధానాలొచ్చాయి. ఒకడు "లాస్ట్ ప్రైస్?" అన్నాడు. రెండోవాడూ అదే. మూడోవాడు ఫ్రిజ్ ఏమన్నా ఉందా అని అడిగాడు. నాలుగోవాడు నిజమైన ఆసామి, విజయవాడ నుంచి, కుస్తీకార్డులు మాత్రం కావాలన్నాడు. "విడగొట్టి అమ్మను" అన్నాడు బాబాయ్, ఉమ్మడి ఆస్తి గురించి మాట్లాడినట్టు.

అప్పుడాయనకు నేనో సంగతి చెప్పాను. అమెరికాలో 1990లలో బీనీ బేబీలని గుడ్డబొమ్మల పిచ్చి పట్టింది. పిల్లల చదువులకు అక్కరకొస్తాయని కొని బీరువాల్లో దాచినవాళ్లున్నారు. 1999లో లాస్‌వెగాస్‌లో విడాకులు పుచ్చుకున్న ఒక జంట, జడ్జి ఆజ్ఞ మీద, కోర్టు హాల్లో నేలమీద గొంతుక్కూచుని ఆ బొమ్మల్ని నీకొకటి నాకొకటి అని పంచుకున్నారు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. తరవాత వాటి ధర చిత్తుకాగితాల పాలైంది. బాబాయ్‌కి బుద్ధొస్తుందని చెబితే, ఆయన విన్నది ఒకటే: "చూశావా, కోర్టు దాకా వెళ్లాయంటే విలువున్నట్టేగా!" వంటింట్లోంచి పిన్ని: "వాళ్లే నయం. సగమన్నా ఇంట్లోంచి పోయినయి."

పంచిపెట్టడమూ చూశాం. పక్కింటి బుడ్డోణ్ణి పిలిచి సీసా చేతికిచ్చి, మూత తియ్యొద్దని చెప్పాడు. వాడు కాసేపు సీసా తిప్పి చూసి, "తాతా, ఫోన్లో గేముందా?" అన్నాడు. ఒక దసరాకు పిన్ని బొమ్మల కొలువులో గరుత్మంతుడి పక్కన రాత్రికిరాత్రి కుస్తీవీరుడు అండర్‌టేకర్ వెలిశాడు. పేరంటానికొచ్చిన ముత్తయిదువల్లో ఒకామె ఆయనకూ కుంకుమ పెట్టింది. పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు.

"పోనీ చెత్తలో పారబోయండి" అందాం అంటే, దానికి బాబాయ్ దగ్గర రాజ్యాంగబద్ధమైన జవాబుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల మండలాల్ని ఆంధ్రలో కలిపాక, మా ఊరు తెలంగాణలో నాలిక కొసలా మిగిలింది. ఎటపాక వైపు నాలుగడుగులు వేస్తే వేరే రాష్ట్రం. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీల్ని తిరిగి ఇవ్వమని మావాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఊరి చెత్త పోసుకోవడానికి జాగా లేదన్నది ఆ అడగడంలో ఒక ముఖ్యమైన బాధ. "రాముడున్న ఊరికే జాగా లేదు, నేనెక్కడ పొయ్యాలి?" అంటాడు బాబాయ్. అసలు చెప్పొద్దూ, ఆ ఐదు పంచాయతీలు తిరిగి రాకూడదని లోలోపల కోరుకునేవాడు ఊళ్లో ఈయనొక్కడే అయ్యుంటాడు.

2022 జులై సంగతి చెప్పకపోతే పిన్ని ఊరుకోదు. భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఏడు 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరవాత అంత నీళ్లు మళ్లీ అప్పుడే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. పల్లపు కాలనీలు ఖాళీ చేయిస్తుంటే పిన్ని బియ్యం, బట్టలు, కాగితాల సంచి సర్దింది. ఆవకాయ జాడీ ఒకటి మిగిలింది, ఆ వేసవిలో పెట్టింది. "అది నువ్వు పట్టుకో" అని బాబాయ్‌కి చెప్పి ముందు నడిచింది. పునరావాస కేంద్రంలో వెనక్కి తిరిగి చూస్తే బాబాయ్ నెత్తిన ట్రంకుపెట్టె ఉంది. జాడీ లేదు. ఆ పదిరోజులూ కేంద్రంలో పెట్టిన పప్పన్నం తిన్నప్పుడల్లా పిన్ని ఆ పెట్టెవైపు చూసిన చూపుకు, అందులో ప్లాస్టిక్ కరగకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆఖరి ప్రయత్నం కిందటి చలికాలంలో. కూనవరం రోడ్డులో వారానికోసారి సంత జరుగుతుంది. కోయగూడేల వాళ్లు చింతపండు, చీపుళ్లు, అడ్డాకులు తెస్తారు, ఉప్పు, ఉల్లిగడ్డ, గుడ్డలు కొనుక్కుపోతారు. "అక్కడ పిల్లలు సంబరపడతారు" అని బాబాయ్ బయల్దేరాడు. వద్దన్నా నేనూ వెంటపడ్డాను. బస్సులో పెట్టెకు లగేజీ టిక్కెట్టు కొట్టారు. సంతలో ఎండుచేపల బుట్టకూ గాజుల దుకాణానికీ మధ్య గోనెపట్టా పరిచి సీసాలు వరసగా పెట్టాం. మధ్యాహ్నం దాకా ఒక మేక తప్ప ఎవరూ ఆగలేదు. అది భీముడి లడ్డూ వాసన చూసి వెళ్లిపోయింది.

రెండు గంటలప్పుడు ఒక కోయ అవ్వ వచ్చి కూచుంది. ఒక టాజో చేతిలోకి తీసుకుంది. వెలుగుకు పెట్టి చూసింది, అంచు గోటితో మీటింది. "ఇది దేనికి?" అంది. పాతికేళ్లలో ఆయన్ని ఆ ప్రశ్న అంత నెమ్మదిగా, నిజంగా తెలుసుకుందామని అడిగినవాళ్లు లేరు. బాబాయ్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచి, "పేర్చి కొడతారు" అన్నాడు. అవ్వ తలూపి బిళ్ల జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, వెనక తెరిచి ఉన్న ట్రంకుపెట్టె మూత రెండుసార్లు వేసి తీసింది. మడతబందులు చూసింది. అడుగున కొట్టి చప్పుడు విన్నది.

"ఇదెంత?"

బేరం అయిదు నిమిషాల్లో తెగింది. మూడొందలు. వాళ్ల మనవడొచ్చి పెట్టెను భుజానికెత్తుకుని పోయాడు. ఆ పెట్టెకు ఉపయోగం ఉంది మరి.

సీసాలన్నీ పక్క కొట్లో అడుక్కున్న సంచిలో వేసుకుని ఇంటికొచ్చాం. దారిలో అది చిరిగితే సరిహద్దు దగ్గర బస్సు దిగి, చీకట్లో, ఫోన్ లైటు వేసుకుని రెండు రాష్ట్రాల మట్టిలోంచి టాజోలు ఏరాం. ఇప్పుడవి పిన్ని పాతిక కిలోల బియ్యం సంచిలో ఉన్నాయి. మూడొందల్లో బాబాయ్ ఆమెకో ఆవకాయ జాడీ కొన్నాడు. ఆమె పుచ్చుకుంది కానీ ఇంకా క్షమించలేదు.

శ్రీరామనవమికి మా ఊరొచ్చేవాళ్లకు ఒక మనవి. కల్యాణం చూసుకుని, ప్రసాదం తీసుకుని, బస్టాండు దగ్గర కిరాణా కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆయన లక్ష చెబుతాడు, పట్టించుకోకండి. పిన్ని వెనక నిలబడి ఉచితమని సైగ చేస్తుంది. మీ సంచి మీరే తెచ్చుకోండి, బియ్యం సంచి ఆవిడకు కావాలి.