“ఇంట్ల మొగోళ్లు ఎవరన్న ఉన్నరా?” అనే ప్రశ్నకు బహిరంగ లేఖ

మా గేటు దగ్గర నిలబడే ప్రశ్నా,

నువ్వు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మల్లాపూర్‌లో మా గేటు చప్పుడైతే చాలు, ముందు వినిపించేది నీ గొంతే. చిట్టీ పైసలకు వచ్చినవాళ్లు, పొలం గెట్టు పంచాయితీ తెచ్చినవాళ్లు, అక్కకు సంబంధం చెప్పవచ్చినవాళ్లు, అందరి నోటా నువ్వే. వాకిట్లో ఒళ్లో బీడీల చాట పెట్టుకుని అమ్మ కూర్చునే ఉండేది. ఎదురుగా మనిషి కనపడుతుంటే ఆమె తల మీదుగా ఇంట్లోకి తొంగిచూడటం నీ అలవాటు.

నీ మీద నా కోపానికి ఒక రోజుంది. నాకప్పుడు పదేళ్లు. నాన్న సౌదీలో ఉన్నాడు. ఒకాయన పొలం కాగితాలు పట్టుకొచ్చి నిన్నే అడిగాడు. “లేరు, నాకు చెప్పున్రి” అన్నది అమ్మ. ఆయన అమ్మను దాటి, ఇంటర్ చదువుతున్న అక్కను దాటి, గోలీలాడుతున్న నన్ను పిలిచాడు. “గీ కాయితం సంగతి మీ నాయినకు ఫోన్‌ల చెప్పు బిడ్డా” అని నా చేతిలో పెట్టిపోయాడు. అందులో సగం మాటలు కూడబలుక్కున్నా నాకు రాలేదు. అక్క చదివింది. ఏం చెయ్యాలో అమ్మ తేల్చింది. అయినా ఆ పొద్దంతా ఛాతీ విరుచుకుని తిరిగింది నేను. అక్క ఒక్క మాటా అనలేదు. ఆమె ఎందుకు మాట్లాడలేదో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇల్లు నడిపే మనిషి దగ్గర పెద్దరికం గుంజుకుని, గోలీలాడే పిల్లగాడి చేతిలో పెట్టడం నీకు నిమిషం పని.

అసలు నువ్వు తిరుగుతున్న ఊళ్లు ఎట్లాంటివో చూశావా? కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్, అటు సిరిసిల్ల దాకా దుబాయి, సౌదీ, మస్కట్ పోని వాడకట్టు లేదు. 2011 జనాభా లెక్కల్లోనే మా జగిత్యాల ప్రాంతంలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ. నాటు వేయించేది, పసుపు తవ్వించి ఉడకబెట్టించేది, కూలీలకు లెక్క కట్టేది ఎవరు? మా మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డప్పుడు ఎందరో మగవాళ్ల పని ఆగిపోయింది. బీడీ చాట ఆగలేదు. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టిన ఆ చేతులే స్కూలు ఫీజులు కట్టాయి, గల్ఫ్ వీసాకు తెచ్చిన అప్పుకు మిత్తి కట్టాయి. పీఎఫ్ బీడీలు చేసే ఆడమనిషి పేరు మీదే. తెలంగాణలో 2015 నుంచి ఇస్తున్న బీడీ కార్మికుల పింఛనూ ఆమె పేరు మీదే.

ఇక్కడ పెళ్లిచూపుల్లో ఒకప్పుడు మొదట అడిగేది “పిల్ల బీడీలు చేస్తదా?” అనే. రేపు ఇంటికి అన్నం పెట్టేది ఈ పిల్ల చేతులేనని అడిగేవాళ్లకు తెలుసు. తెలిసీ, మాట ఖాయం చేసుకునే వేళకు మళ్లీ నిన్నే పిలిచేవాళ్లు. ఆమె సంపాదన కావాలి, ఆమె మాట వద్దు. నీ అసలు రూపం ఇదే.

చట్టం నిన్ను ఎన్నడో దాటి పోయింది. కొడుకు పేరు మీద బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు దరఖాస్తు తిప్పి పంపితే, నవలా రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. తండ్రి బతికున్నా, పిల్లల బాగోగులు ఆయన చేతిలో లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో కోర్టు చెప్పింది. 2013 ఆహార భద్రత చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దామె పేరే రాయమన్నది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్ పదవుల్లో సగం ఆడవాళ్లకిచ్చింది. నువ్వు మాత్రం పంచాయతీ ఆఫీసులోకీ చొరబడ్డావు. బోర్డు మీద ఆమె పేరుంటుంది, ఫోన్ ఎత్తేది ఆమె భర్త. అంటే గెలిచిన మనిషిని కూడా నువ్వు గేటు దగ్గరే ఆపేశావు.

నీ వల్ల మగవాళ్లూ ఏం బాగుపడలేదు. మన దగ్గర పొద్దున తొమ్మిదైతే సౌదీలో ఆరున్నర. నాన్న సైట్‌కు పోయే బస్సులో ఉండేవాడు. తాను చూడని బోరు గురించి, తాను లేని పంచాయితీ గురించి అక్కడినుంచే తీర్పు చెప్పాలి. చెప్పకుంటే మొగోడు కాదన్న మాట పడాలి. గల్ఫ్ రూముల్లో మన మగవాళ్లు వంతులేసుకుని వండుకుంటారు, బట్టలుతుక్కుంటారు. అంత బాగా వండే మనిషి ఊరికొస్తే పొయ్యి దిక్కు చూడడు, వాడకట్టు నవ్వుతుందని. పన్నెండేళ్లు వండిన నాన్న చేతి పప్పు మేం తిన్నది ఆయన పూర్తిగా తిరిగొచ్చేశాకే. ఆయనను అన్నేళ్లు పొయ్యి దగ్గరికి పోనీయనిదీ నువ్వే.

బొమ్మలు, కథలు నీకు తోడు నిలిచాయి. వంటింట్లో అమ్మ, బ్యాగు పట్టుకున్న నాన్న ఉన్న బొమ్మలు బడి పుస్తకాల్లో చూసి పెరిగినవాళ్లం మేం. 1976లో ‘అంతులేని కథ’లో ఇల్లు మోసే ఆడపిల్లగా జయప్రదను చూసి జనం కళ్లు తుడుచుకున్నారు. మా గల్లీలో అట్లాంటి కథ ఇంటికొకటి ఉంది, ఎవరూ తెర మీద చూపలేదు. 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో నాన్న కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. మన పుస్తకంలో ఇంకో బొమ్మ కావాలి. మెట్‌పల్లి మార్కెట్‌లో పసుపు కుప్ప పక్కన నిలబడి ధర తెంపే ఒక అమ్మ. దుబాయి రూములో కూర కలిపే ఒక నాన్న. రెండూ మన నిజాలే.

ఒక మాట నీకు అనుకూలంగా కూడా చెప్పాలి. అమ్మ నిన్ను అప్పుడప్పుడు వాడుకున్నది. అప్పు అడగవచ్చినవాళ్లకు, పొద్దుగూకినంక వచ్చిన కొత్త మొఖాలకు “మొగోళ్లు లేరు, మళ్లొచ్చున్రి” అనేది. అది ఆమెకు డాలు. కానీ ‘నాకు ఇష్టం లేదు’ అన్న ఆమె మాటకు విలువుంటే ఆ డాలుతో పనేముంది?

అందుకే అడుగుతున్నా, మా వాడకట్టు విడిచిపో. నీ జాగలో “ఇంట్ల ఎవరున్నరమ్మా, మాట్లాడాలె” అన్న మాట రానీ. అది పలకడానికి ఎవరికీ నోరు నొయ్యదు.

మొన్న మళ్లీ గేటు చప్పుడైంది. నన్ను చూసి ఆ వచ్చినాయన మొఖం తేటపడింది, మొగోడు దొరికిండని. కుర్చీ తెచ్చి అమ్మ ఎదురుగా వేశాను. “పొలం సంగతి అమ్మకే ఎరుక, ఆమెతోని మాట్లాడున్రి” అన్నాను. లోపల పొయ్యి మీద చాయ మరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. అమ్మ గొంతు బయటినుంచి మెల్లగా, తడబాటు లేకుండా వినిపిస్తూనే ఉంది.

ఇట్లు,
ఒకనాడు ఆ కాగితం చేతపట్టుకున్న పిల్లగాడు,
మల్లాపూర్