భుజం మీద తువాలు

పశువుల సంతలో గిత్తల బేరం చూశారా? ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, తువాలు చాటున చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకుంటారు. పక్కనున్న సొంత బావమరిదికైనా ఆ అంకె తెలియదు.

మా బాబాయ్ ఆ బేరంలో ఆరితేరినోడు. మిర్చి క్వింటా ఎంతకు పోయిందంటే పిన్నికి కూడా చెప్పకుండా దాటేసే మనిషి. మొన్న గుంటూరు యార్డులో టిక్కీల మీద కూర్చుని, కొట్టువాళ్లిచ్చిన పట్టీ పట్టుకుని ఫొటో దిగి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. పేరు, ఊరు, బరువు, రేటు, చేతికొచ్చిన మొత్తం, అన్నీ అందులోనే. పొద్దుగూకేలోపు చేబదులు కావాలని ముగ్గురు చుట్టాలు, ప్లాటు కొనమని ఒకడు ఫోన్ చేశారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఈళ్లందరికీ ఎట్టా తెలిసిందిరా?" అని నన్నే అడిగాడు.

కల్లంలో కాయలు ఆరబోస్తే పరదా కప్పి, మంచమేసుకుని కాపలా పడుకుంటాం. బతుకంతా ఫోన్లో ఆరబోసి గుర్రుపెట్టి నిద్రపోతున్నాం.

ఆరబోయడంలో సర్కారూ మనకు తీసిపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఏడాది తిరక్కముందే, 2018 ఏప్రిల్‌లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులమతాలతో సహా బయటపడ్డాయి. ఇళ్లు కట్టించే సంస్థే తలుపు పెట్టడం మరిచిపోయింది!

"నేనేమీ పెట్టను, నాకేం భయం?" అనేవాళ్లకు ఇంకో లెక్క. ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు లాగేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా కంపెనీ గొడవలో, మన దేశంలో 335 మంది ఒక క్విజ్ యాప్ వేసుకున్నందుకు 5.62 లక్షల మంది వివరాలు పోయి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్కే చెప్పింది. వాళ్లు చేసిన తప్పల్లా ఆ 335 మందితో స్నేహం. పక్క చేలో బొబ్బర తెగులొస్తే మన చేను మిగులుతుందా?

2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టమూ వచ్చింది. తనంతట తానే బయటపెట్టుకున్న బాబాయ్ స్టేటస్‌కు అది కాపలా కాయదు.

యార్డులో తాలుకాయకైనా ఓ రేటుంది. మన వివరాలనే ఉత్త పుణ్యానికి పోస్తున్నాం. ఫొటోలు పెట్టుకోండి బాబూ, కాదనను. తీసేముందు ఆ పట్టీ మీద తువాలు కప్పండి. ఎక్కడో వెతకక్కర్లేదు, భుజం మీదే ఉంది.