శునకోద్ధరణ మహోత్సవము

మన నగర పంచాంగమున క్రొత్తగా నొక పర్వదినము చేరినది. దీనికి తిథివారనక్షత్రములతో పనిలేదు. ఆదివారమొకటి, ఉద్యానవనమొకటి, ఫోటోగ్రాఫరొకడు, వీరందరికిని నెపముగా కుక్కపిల్ల యొకటి దొరకిన చాలును. 2025 ఆగస్టు 17వ తేదీన బల్దియావారు బంజారాహిల్సులోని జలగం వెంగళరావు పార్కున దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళము నడపి, టీకాలు వేయించి నులిపురుగుల మందు పట్టించిన కూనలను ఉచితముగా నిచ్చిరి. మంచిపని. దిక్కులేని ప్రాణికి నీడ యిచ్చు గృహస్థునితో నాకు వైరము లేదు. 1992లో అక్కినేని అమల స్థాపించిన హైదరాబాదు బ్లూ క్రాసు వంటి సంస్థల సేవకులతో నసలే లేదు. నా కలహమెల్ల, కూనను చంకకెత్తుకొన్న మరుక్షణమునుండి తమ్ము తాము గజేంద్రమోక్షమునందలి శ్రీహరిగా భావించుకొని, ఆ కరుణను ఏటేట ఉత్సవముగా జరిపించుకొను పుణ్యాత్ములతోనే.

ఉత్సవమునకు విధివిధానములు కలవు. కుక్క పుట్టిన దినమెవరికిని తెలియదు గావున, అది తమ గడప త్రొక్కిన దినమే దాని జన్మదినము. అనగా తమ సాంగత్యమునకు పూర్వము దానికి జన్మయే లేదని తాత్పర్యము. ఆనాడు దానికి జరీ కోటు తొడిగి, తలపై కాగితపు టోపీ నిలిపి, ఎదుట చాక్లెట్ కేకు నుంతురు. చాక్లెట్ శునకజాతికి విషమని పశువైద్యుడు చెప్పియే యుండును గావున, కేకును కుటుంబము తినును, కుక్క చూచును. తరువాత వక్త యెవరో లేచి, స్వర్గద్వారమున సైతము కుక్కను విడువనన్న ధర్మరాజును స్మరించును. ఆ కుక్క హస్తినాపురమునుండి తనంత తానై వెంట వచ్చినదే కాని, ఏ మేళమునందును ఎంపిక చేయబడినది కాదను మాట ఆ వక్తకు తోచదు. భారతము తుదనే కాక మొదటను గూడ ఒక కుక్క కలదు: తప్పు చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టిరని యాగశాలకు వచ్చి నిలదీసి శపించిన సరమ. ఆమె పేరెత్తిన వక్త నింతవరకు నేను కానను. ఆమె కృతజ్ఞత చెప్పుటకు రాలేదు గదా!

సరే, ఈ కుక్కను దేనినుండి ఉద్ధరించితిరి? “పాతబస్తీ గల్లీలనుండి” యని వీరి ఏకకంఠ సమాధానము. హుసేనీ ఆలం నుండియు, మొఘల్‌పురా నుండియు, శాలిబండ నుండియు తెచ్చిన కుక్క యన్నచో వినువారి కన్నులు చెమర్చును. నల్లకుంటనుండి తెచ్చితిమన్న నంత రసము పుట్టదు కాబోలు. కాని ఆ గల్లీలలో నొకసారి వేకువన నడచినవానికి తెలియును: నిహారీ, పాయా వండు హోటళ్ళ వెనుకను, మాంసపు దుకాణముల మెట్లకడను ఆ కుక్కలు ఊరక తిరుగుట లేదు, ఒక్కొక్కదానికి ఒక వేళయు, ఒక తావును, ఎముక విసరు ఒక చేయియు ఏర్పడి యున్నవి. ఇక ఆ బస్తీ ధర్మశాస్త్రము చూడుడు. ఒక యింట, దాని లాలాజలము సోకినచో ప్రార్థనకు శుచి చెడునని గడప దాటనీయరు. అయినను దప్పిగొన్న కుక్కకు పాదరక్షతో నీరు తోడి యిచ్చినవాని పాపము క్షమింపబడినదను హదీసు ఆ యింటి బాలునికి సైతము తెలియును. ఎదుటి యింట అది కాలభైరవుని వాహనమని నమస్కరింతురు. అయినను మడి కట్టుకొన్న వంటయింటి దరికి రానీయరు. తక్కిన విషయములలో నెన్నడును ఏకాభిప్రాయమునకు రాని యీ రెండిండ్లును, కుక్క స్థానము వీథి యరుగనియు, దాని కడుపు మాత్రము తమ పూచీయనియు ఏనాడో రాజీ పడినవి. ఈ యేర్పాటునకు సర్టిఫికెట్టు లేదు, కేకు లేదు. కావున ఇది దయ కాదని నగరపు నిర్ణయము.

చట్టము గూడ గల్లీపక్షముననే యున్నది. 2001 నాటి నిబంధనల స్థానమున 2023లో వచ్చిన జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారము, పట్టుకొన్న వీథికుక్కకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, చెవికొన కత్తిరించి, పట్టిన చోటనే మరల విడువవలెను. కిరాయిదారునకు లేని స్థిరనివాసము కుక్కకు కలదన్నమాట!

ఇక ఉద్ధరింపబడువారి యెంపిక చూడవలెను. తెలుపుమీద గోధుమమచ్చలు గల మగకూన మొదటి గడియలోనే పోవును. ఆడదానిని “ఈనును గదా” యని ప్రక్కకు నెట్టుదురు. నల్లనిదానిని, కుంటిదానిని, ముసలిదానిని చూచి కరుణారసము హఠాత్తుగా ఇంకిపోవును. అన్నింటికంటె విచిత్రము హస్కీ కథ. సంతానోత్పత్తి వ్యాపారమునకై విదేశీ కుక్కలను దిగుమతి చేయరాదని 2016 ఏప్రిల్‌లో కేంద్రము ఉత్తరువు చేసెను. అయినను మంచుదేశపు టా జీవిని హైదరాబాదు వైశాఖమున మూడవ అంతస్తులో బంధించు వేడుక తీరలేదు. ఒక కుటుంబము దానిని వేలుపోసి కొనును. బొచ్చు రాలుచున్నదని రింగురోడ్డు ప్రక్కన దింపును. అదే అపార్టుమెంటులోని మరియొక కుటుంబము దానిని తెచ్చి సన్మానము పొందును. పాపమును, ప్రాయశ్చిత్తమును ఒకే లిఫ్టులో ఎక్కి దిగుచున్నవి.

నవ్వులాటకు దూరముగా ఉంచవలసిన మాట యొకటి కలదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటన నాలుగేండ్ల బాలుడు వీథికుక్కల పాలై మరణించెను. కరచినది కుక్కయే కాని, పోగైన చెత్తయు, సకాలమున జరుగని శస్త్రచికిత్సలును పాలకుల లెక్కలోనివి. పాతబస్తీలో కుక్క కరచిన బిడ్డను చంకనెత్తుకొని తల్లి నల్లకుంట కోరంటి ఆసుపత్రికి పరుగెత్తును. ఒకటిన్నర గదిలో తొమ్మండుగురు కాపురముండు ఆ యింటికి దత్తత యొక యూహ గూడ కాదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీథికుక్కలనెల్ల శరణాలయములకు తరలింపుడన్న సుప్రీంకోర్టు, 22వ తేదీన దానిని సవరించుచు, దత్తత కోరువారికి అవకాశమిచ్చి, అట్లు తీసికొన్న కుక్క మరల వీథికి రాకుండ చూచు బాధ్యత వారిదేయని చెప్పెను. మన యుత్సవములలో పాటలు పాడుదురు, ప్రతిజ్ఞలు చదువుదురు. ఈ వాక్యమును మాత్రము ఎవరును చదువరు.

కావున నాదొక ప్రతిపాదన. ఇకమీద దత్తత దినమున ఫోటో తీయరాదు. సరిగా ఏడాదికి అదే పార్కున, ముద్దుతనము పోయి, దవడ సాగి, చెప్పులు కొరకి, రాత్రులు మొరిగి ఇరుగుపొరుగుతో తిట్లు తినిపించిన ఆ కుక్కతో సహా వచ్చిన కుటుంబమునకే తీయవలెను. ఆనాడు ఫోటోగ్రాఫరునకు పని కొంచెమే యుండునని నా యనుమానము. అతని దినబత్తెము వృథా గాకుండ చూడీ బజారులోని బల్దియా జంతు సంరక్షణ కేంద్రమునకు పంపవచ్చును. అచ్చట కుక్కల బండి దిగి వల చుట్టుచున్న కూలివానిని, నెత్తురంటిన చేతులతో తరువాతి కుక్కకై ఎదురుచూచు వైద్యుని ఇంతవరకు ఎవరును “ఇటు చూడుడు” అని అడిగి యెరుగరు.