దూరింది కదా అని బిగించొద్దు

రేణిగుంట, గాజులమండ్యం షెడ్లకు పాత మిల్లింగ్ మిషన్లు చెన్నై నుంచో బెంగళూరు నుంచో లారీలో వస్తాయి. వాటితో పాటే సలహాలూ దిగుతాయి. స్పిండిల్‌ను తినేసే సలహాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. కట్టరు విరిగితే సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకుంటాం. ఎప్పుడో మూతబడిన కంపెనీ మిషనుకు స్పిండిల్ ఎక్కడని వెతుకుతాం?

"మూతి సరిపోతే టేపరు సరిపోయినట్టేనన్నా." అన్నిటికన్నా చెడ్డ సలహా ఇది. అమెరికా బ్రిడ్జ్‌పోర్ట్ మిల్లుల్లో చాలావాటిలోనూ, దాన్ని చూసి చేసిన చాలా టరెట్ మిల్లుల్లోనూ ఉండేది ఆర్8 టేపరు. దాని మూతి 31.75 మి.మీ. ఐఎస్ఓ 30 మూతీ అంతే. కోణాలే వేరు. ఆర్8ది 16 డిగ్రీల 51 నిమిషాలు, ఐఎస్ఓది దాదాపు 16 డిగ్రీల 36 నిమిషాలు. ఆ పావు డిగ్రీ కంటికి ఆనదు. ఐఎస్ఓ 30 ఆర్బరును ఆర్8 స్పిండిల్‌లో పెడితే లోపలి అంచున మాత్రమే పట్టి, కట్టరు వైపు వదులుగా ఉంటుంది. కాస్త లోతుగా కోతపెట్టగానే ఆర్బరు ఊగి ఆ అంచును నలిపేస్తుంది. ఆపైన అసలు ఆర్8 కాలెట్ తెచ్చి పెట్టినా కట్టరు వంకరగానే తిరుగుతుంది.

అనుమానం వస్తే మార్కింగ్ బ్లూ చెబుతుంది. టేపరు రెండింటినీ గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఆర్బరు మీద ఆ బ్లూతో నిలువుగా మూడు సన్నటి గీతలు పూసి, స్పిండిల్‌లోకి మెల్లగా తోసి, పావు చుట్టు తిప్పి బయటికి తీయండి. పై నుంచి కింది దాకా ఒకే తీరుగా చెదిరితే సరే. ఒక చివరే చెదిరితే ఆ ఆర్బరు ఆ మిషనుది కాదు. ఎమరీ పేపరు పెట్టి స్పిండిల్‌ను "సరిచేయడం" మాత్రం వద్దేవద్దు.

"రెండు దెబ్బలేస్తే కూర్చుంటుంది." మోర్స్ టేపరు కోణం దాదాపు 3 డిగ్రీలే కాబట్టి అది తనంతట తాను పట్టుకుంటుంది. హెచ్‌ఎమ్‌టీ ఎఫ్‌ఎన్2 లాంటి వాటిలోని ఐఎస్ఓ 40 వాలు 24కి 7. సులువుగా ఊడి రావడానికే అంత వాలు పెట్టారు. దాన్ని పట్టుకునేది డ్రా బోల్టు. సుత్తి దెబ్బ బేరింగులకు తగులుతుంది, అంతే.

"హాఫ్ ఇంచ్ కాలెట్‌లో 12 కట్టరు పట్టేస్తుంది." 0.7 మి.మీ. తేడాను ఆర్8 కాలెట్ మింగలేదు, మూతి దగ్గర మాత్రమే నొక్కుతుంది. చిత్తూరు మామిడి పల్ప్ ఫ్యాక్టరీ షాఫ్టుకు సీజన్‌లో కీవే కోస్తుంటే కట్టరు కొంచెం కొంచెంగా కిందికి జారి, గాడి ఒక చివర లోతైపోతుంది. ఫ్యాక్టరీ ఆగి ఉంటుంది, షాఫ్టు చెత్తలోకి పోతుంది. ఈఆర్32 చక్ ఒకటి కొనండి, దాని కాలెట్లు 1 మి.మీ. దాకా ముడుచుకుంటాయి. డ్రిల్ చక్‌లో ఎండ్ మిల్లు పెట్టమనే వాళ్ల మాట అసలు వినొద్దు. పక్క ఒత్తిడికి చక్కే ఊడి పడుతుంది.

"డ్రా బోల్టు రెండు చుట్లు ఎక్కింది, ఇక స్పానర్ వెయ్యి." ఐఎస్ఓ 40 ఆర్బర్లలో ఎం16 థ్రెడ్ ఉన్నవీ దొరుకుతాయి, 5/8 అంగుళం ఉన్నవీ దొరుకుతాయి. లావు ఇంచుమించు ఒకటే. పిచ్ ఒకదానికి 2 మి.మీ., ఇంకోదానికి 2.31. మొదటి రెండు చుట్లు వేలితోనే తిరిగిపోతాయి, మూడో చుట్టుకు పట్టేస్తుంది. అక్కడ ఆగండి. ఈఎన్8 రాడ్డుతో రెండో బోల్టు తిప్పించుకోండి, లేత్ మీద ఒక పూట పని. రెండు బోల్టుల తలలకూ వేర్వేరు రంగులు వేసి, ఆ రంగే ఆర్బరు కాలర్ మీదా పూసి పెట్టండి.