గోల్డ్ మెడలిస్టును అరెస్టు చేయండి

ఒక యూనివర్సిటీ గ్రంథాలయం ఈ వారం జారీ చేసిన సర్క్యులర్ మీరూ చదివే ఉంటారు. చదివారంటే మీరూ ముద్దాయిలే, ఆ సంగతి తర్వాత చూద్దాం. తరగతిలో పాఠానికి ఏ పుస్తకంలోంచి ఏ అధ్యాయం కావాలన్నా, అధ్యాపకులు ముందు ప్రచురణకర్త దగ్గర రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలట. ఆ తర్వాతే జిరాక్స్. తేడా వస్తే పూర్తి బాధ్యత అధ్యాపకులదేనట, గ్రంథాలయానికి ఎలాంటి సంబంధమూ లేదట. ఆఖరి మాట అక్షరాలా నిజం. పుస్తకాలతో దానికి సంబంధం తెగిపోయి చాలాకాలమే అయింది.

నాకు నచ్చనిదల్లా ఒకటే. సర్క్యులర్ సగంలో ఆగిపోయింది. నకలు తీయడం నేరమైతే జిరాక్స్ మిషన్ దగ్గరే ఆగడం దేనికి? మిషన్ పాపం ఒక పేజీని కాగితం మీదికి ఎక్కిస్తుంది. విద్యార్థి అదే పేజీని తలకెక్కించుకుంటాడు. మిషన్ తీసిన కాపీ సెమిస్టర్ అయ్యాక పకోడీల పొట్లంగా మారి చేసిన తప్పు కడుక్కుంటుంది. విద్యార్థి అలా కాదు. తలకెక్కించుకున్నదాన్ని నెలల తరబడి దాచి, పరీక్షనాడు మూడు గంటలు కూర్చుని ఇంకో కాపీ తీసి, హాల్ టికెట్ నంబరు వేసి మరీ యూనివర్సిటీకే అప్పగిస్తాడు. సాక్ష్యాన్ని తానే రాసిచ్చి, చాలకపోతే అడిషనల్ షీట్ కూడా అడిగే దొంగను ఇంకెక్కడైనా చూశారా?

కాబట్టి వచ్చే పరీక్షల నుంచే సంస్కరణ మొదలవ్వాలి. స్లిప్పుల కోసం జేబులు తడిమే స్క్వాడ్‌కు ఇక వేరే పని ఉంది. స్లిప్పు తెచ్చినవాడు అమాయకుడు, వాడి తలలో ఏమీ లేదనడానికి ఆ స్లిప్పే రుజువు. ఏ కాగితమూ లేకుండా పొల్లు పోకుండా దించేసేవాడే అసలు ప్రమాదం. ఇన్నాళ్లూ అలాంటివాడికి నూటికి తొంభై వేసి వీపు తట్టాం. అవి మార్కులు కావు, నేరం ఎంత ముదిరిందో చెప్పే కొలతలు. ముప్పై అయిదు వచ్చినవాడు చిల్లర దొంగ, మందలించి వదిలేయొచ్చు. నూటికి నూరు వచ్చాయంటే పుస్తకం మొత్తం లేపేశాడన్నమాట. సున్నా వచ్చినవాడే చట్టానికి తలవంచే పౌరుడు. వాడి జవాబుపత్రంలో ప్రతి వాక్యమూ సొంత రచన, భూమ్మీద ఏ ప్రచురణకర్తా అది తనదని చెప్పుకోడు. స్నాతకోత్సవంలో ఛాన్సలర్ గారి చేతుల మీదుగా గోల్డ్ మెడల్ వాడికి వేయాలి. పాత గోల్డ్ మెడలిస్టులను వేదిక వెనక నుంచి జీపెక్కించాలి.

ఏకసంథాగ్రాహులను అసలు గేటు దాటనివ్వకూడదు. తెలుగునాట ఈ బాపతు పాత నేరస్థులు ఎక్కువ. అవధాని గారు నిండు సభలో అడిగినవన్నీ గుర్తుపెట్టుకుని, చివర్లో ధారణ అంటూ వరసగా అప్పజెప్పేస్తారు. మనం శాలువా కప్పుతాం. పద్యాలు ఆయనవే కదా అంటారా? సమస్య ఇచ్చింది పృచ్ఛకుడు. ఆయన రాతపూర్వక అనుమతి ఏదీ? ఇకపై శాలువా కప్పేటప్పుడే దాని చాటున బేడీలు కూడా వేసేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. ‘మావాడు ఒక్కసారి చదివితే చాలండీ, మళ్లీ మర్చిపోడు’ అని చుట్టాల దగ్గర మురిసిపోయే తల్లిదండ్రులు కూడా కాస్త నోరు అదుపులో పెట్టుకోవాలి. అది నేరాంగీకారం కిందికి వస్తుంది.

గ్రంథాలయానికీ ఇందులో గొప్ప పాత్ర ఉంది. ఇప్పుడు నో డ్యూస్ కావాలంటే తీసుకున్న పుస్తకం తిరిగిస్తే చాలు. ఇకపై చదివింది కూడా తిరిగిచ్చి వెళ్లాలి. కౌంటర్ దగ్గర నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఒక్కదానికి సరైన జవాబు చెప్పినా బకాయి ఉన్నట్టే. ‘తలలో ఏమీ మిగల్లేదు’ అని స్టాంపు పడ్డాకే టీసీ. మన చదువులు సాగుతున్న తీరు చూస్తే ఆ కౌంటర్ ముందు ఎవరికీ పెద్దగా ఆలస్యం కాదు.

మరి అధ్యాపకులు? రాత్రి ఇంట్లో కూర్చుని అధ్యాయం చదివి, పొద్దున్నే వచ్చి అరవై మందికి వివరించే సారు టోకు వ్యాపారి. ఆయన ముందు లండన్‌లోని ప్రచురణకర్తకు ఉత్తరం రాసుకోవాలి. జవాబు వచ్చేదాకా తరగతిలో మౌనం పాటించాలి. బయోమెట్రిక్ పడుతుంది కాబట్టి జీతానికి ఢోకా లేదు. ఏమీ చదవకుండా తరగతికొచ్చే సారుకు మాత్రం అనుమతితో పనే లేదు. ఆయన ఇన్నేళ్లుగా ఈ సర్క్యులర్‌నే అమలు చేస్తున్నాడని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇదంతా వేళాకోళం అనుకుంటే చట్టం తెరిచి చూడండి. కాపీరైటు చట్టం, 1957. అందులో 52వ సెక్షన్, ఏవేవి ఉల్లంఘన కావో చెప్పే జాబితా. అందులో ‘ఐ’ క్లాజుకు మూడు ముక్కలు. ఒకటి, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో నకలు తీసుకోవడం. రెండు, పరీక్ష ప్రశ్నల్లో వాడుకోవడం. మూడు, ఆ ప్రశ్నలకు రాసే జవాబుల్లో వాడుకోవడం. మూడూ ఒకే క్లాజులో పక్కపక్కనే ఉన్నాయి. విద్యార్థి పరీక్ష రాయడానికి ఏ చట్టం అండగా ఉందో, సారు అధ్యాయం జిరాక్స్ తీయించి ఇవ్వడానికీ అదే అండ. మొదటి ముక్కను చెత్తబుట్టలో వేసిన పెద్దలు మూడోదాన్ని మాత్రం ఏ మొహంతో ఉంచుకుంటారు? అందుకే గోల్డ్ మెడలిస్టును అరెస్టు చేయమంటున్నాను.

ఇది తేలని వివాదమైతే భయపడ్డారని సరిపెట్టుకోవచ్చు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ యూనివర్సిటీ మీద, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ అనే చిన్న షాపు మీద హైకోర్టుకెక్కాయి. సిలబస్ ప్రకారం అధ్యాయాలు జిరాక్స్ తీసి, బైండు చేసి కోర్సు ప్యాకులుగా ఇవ్వడమే ఆ షాపు చేసిన నేరం. అడిగిన పరిహారం 60 లక్షలు. తమ రచనలే ఆ ప్యాకుల్లో ఉన్న పండితులు కొందరు దావా వద్దని ఆ సంస్థలకు ఉత్తరం రాశారు. 2016 సెప్టెంబరు 16న సింగిల్ జడ్జి దావా కొట్టేశారు. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి ఆ కేసును మళ్లీ విచారణకు పంపినా, అసలు సూత్రం మాత్రం స్పష్టంగా చెప్పింది: బోధనకు ఎంత అవసరమో అంత నకలు తీసుకోవచ్చు, పేజీల లెక్క లేదు. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. మేలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. బ్రిటన్‌లో యూనివర్సిటీలు లైసెన్సు సొమ్ము కట్టి, ఒక అధ్యాయమో పది శాతమో అని కొలుచుకుంటూ స్కాన్ చేసి ఇస్తాయి. ఆ పని చేసేది అక్కడి లైబ్రరీలే. ఇక్కడ కోర్టు ఆ కొలబద్ద కూడా తీసేసింది. మనవాళ్లు మాత్రం వడ్డించిన విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పుస్తకం మొత్తం దొంగతనంగా అచ్చేసి అమ్ముకునేవాడిని ఎవరూ వెనకేసుకురావడం లేదు. నేనడిగేది లైబ్రరీ గురించి. సెమిస్టర్‌కు ముందే సారును కూర్చోబెట్టుకుని, ‘మీ రీడింగ్ లిస్టు ఇవ్వండి, ఏది మన దగ్గరుందో, ఏది తెప్పించాలో, దేన్నెంత జిరాక్స్ తీయొచ్చో మేం చూస్తాం’ అనాలి కదా? ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని మూడేళ్లకు 6,000 కోట్లు పోసి దాదాపు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచారు. అందులోంచి కావలసిన వ్యాసం వెతికి ‘ఇదిగో మేడమ్’ అని ఇచ్చే మనిషి ఆ కౌంటర్ వెనక ఉన్నాడా? పోస్టు ఖాళీ. ఇన్‌చార్జి గారికి ఇంకో రెండు ఇన్‌చార్జీలు.

ఆ లైబ్రరీ రిఫరెన్స్ సెక్షన్‌లో అరవై మందికి పాఠ్యపుస్తకం ఒక్క కాపీ ఉంది. ఒక అమ్మాయి తెరిచి చూస్తే అయిదో అధ్యాయం లేదు. బైండింగ్ మొదట్లో బ్లేడుతో కోసిన అంచు మాత్రం మిగిలింది. పరీక్షలో వచ్చేది అయిదో అధ్యాయమే. ఆ పుస్తకం ధర నెల మెస్ బిల్లు కంటే ఎక్కువ. ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయి. ఆ అధ్యాయాన్ని పేజీ రూపాయికో రెండు రూపాయలకో ఆమె చేతిలో పెట్టే జిరాక్స్ షాపు ఒక్కటే ఇన్నాళ్లూ ఆమెకు యూనివర్సిటీ. దాన్నీ మూయించి, చట్టం పేరు చెప్పి చేతులు దులుపుకోవడానికి సిగ్గుండాలి. కొనాల్సిన పుస్తకాలు కొనలేదు, నింపాల్సిన పోస్టులు నింపలేదు, చదవాల్సిన తీర్పు చదవలేదు. 52వ సెక్షన్ ఉపాధ్యాయుడిని కాపాడుతుంది, విద్యార్థిని కాపాడుతుంది. పని ఎగ్గొట్టే యూనివర్సిటీని కాపాడే క్లాజు మాత్రం అందులో ఎంత వెతికినా లేదు.