చచ్చిన గుర్రానికి ఉన్న భాగ్యం

అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వారి ఔదార్యానికి కళ్లు చెమర్చాయి. 2026కి పీటిన్ ఫీజు తగ్గించారు. డబ్బు పుచ్చుకుని ఊళ్లోవాళ్ల ట్యాక్స్ రిటర్నులు నింపే ప్రతి ప్రిపేరర్‌కూ ఉండాల్సిన నంబరు అది. 2025కి 19 డాలర్ల 75 సెంట్లు, 2026కి 18 డాలర్ల 75 సెంట్లు. అక్షరాలా ఒక్క డాలరు ఊరట!

నంబరు ఇచ్చేముందు పద్దెనిమిదేళ్లు నిండాయా అని చూస్తారు. నేరాలేమైనా చేశావా, నీ పన్ను నువ్వు కట్టావా అని అడుగుతారు. పన్ను చట్టం తెలుసా అని మాత్రం అడగరు. చదువు స్వచ్ఛందం. ఏటా 18 గంటలు, గంటంటే 50 నిమిషాలే. అందులో ఆరు గంటలు కొత్త మార్పుల మీద, చివర వంద ప్రశ్నలు, 70 వస్తే పాస్. డిసెంబరు 31 అర్ధరాత్రి లోపు ముగిస్తే ఒక సర్టిఫికెట్ వస్తుంది. చదవనివాడికి సర్టిఫికెట్ రాదు, కస్టమర్లు మాత్రం నిక్షేపంగా వస్తారు.

ఎందుకు స్వచ్ఛందం? గుర్రం ఒప్పుకోలేదు కనుక.

నిజం గుర్రమే. అమెరికా అంతర్యుద్ధంలో జనం గుర్రాలు బోలెడు పోయాయి. పరిహారం ఇప్పిస్తామంటూ ఏజెంట్లు బయల్దేరారు, వాళ్ల వెనకే దొంగ క్లెయిములూ బయల్దేరాయి. ఖజానా శాఖ అయిన ట్రెజరీ ముందుకు ఒకరి తరఫున వచ్చేవాడికి మంచి నడవడి, తగిన అర్హత ఉండాలని 1884లో కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ చట్టాన్నే పట్టుకుని 2011లో ఐఆర్‌ఎస్ ప్రిపేరర్లకు పరీక్ష, ఏటా 15 గంటల చదువు తప్పనిసరి చేసింది. కొందరు కోర్టుకెక్కారు. 2014లో లవింగ్ కేసులో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు, రిటర్న్ నింపడం వేరు, ట్రెజరీ ముందు ప్రాతినిధ్యం వేరు పొమ్మంది. రాసినవారు ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న కవనా గారే. అంటే చచ్చిన గుర్రం తరఫున వెళ్లేవాడికి అర్హత ఉండాలి. బతికున్న నా తరఫున రిటర్న్ రాసేవాడికి అక్కర్లేదు.

కనుక ఈసారి గెటిస్‌బర్గ్ యుద్ధంలో అసువులు బాసిన గుర్రంగా ఫైల్ చేద్దామనుకుంటున్నాను. అర్హత ఉన్న మనిషి దొరకడానికి నాకు మరో దారి కనబడలేదు.

గుర్రంగారి లెక్కలు ఈ ఏడాది కాస్త చిక్కే. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం అన్నీ కదిపేసింది. టిప్పుల మీద 25 వేల డాలర్ల దాకా డిడక్షన్ ఉంది గదా, సిపాయిలు పెట్టిన బెల్లం ముక్కలు టిప్పులవుతాయా? ట్రెజరీ ప్రతిపాదించిన 68 వృత్తుల జాబితాలో వీడియోలు చేసుకునేవాళ్లున్నారు, యుద్ధాశ్వాలు లేవు. పోనీ ఓవర్‌టైమ్? రాత్రంతా తుపాకుల బండి లాగింది పాపం. అయితే ఒకటిన్నర రెట్ల జీతంలో ఆ పై సగానికే డిడక్షన్. అదీ చట్టప్రకారం ఇచ్చి తీరాల్సిన ఓవర్‌టైమ్ అయితేనే. రాత్రి పదకొండింటికి ఇండియా కాల్‌లో కూర్చునే మన హెచ్‌1బీ కుర్రాళ్లలో ఎక్కువమంది ఓవర్‌టైమ్ హక్కు లేని నెలజీతగాళ్లే. ఈ ఒక్క విషయంలో గుర్రానికీ వాళ్లకీ తేడా లేదు. కారు లోను వడ్డీకి 10 వేల దాకా మినహాయింపుంది. బండి కొత్తదై ఉండాలి, తుది బిగింపు అమెరికాలోనే జరగాలి, దాని గుర్తింపు నంబరు (విన్) రిటర్న్‌లో రాయాలి. మన గుర్రం కెంటకీలో పుట్టింది, తుది బిగింపుకు ఢోకా లేదు. నంబరు బదులు పళ్లు చూపిద్దాం. 65 నిండినవాళ్లకు 6 వేల డిడక్షన్ అంటే వయసుకేం లోటు, నూట అరవై దాటింది. సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గరే ఆగిపోయాం.

ఈ పేచీలు తేల్చాల్సిన ఐఆర్‌ఎస్‌లో 2025 మొదటి నెలల్లోనే పావు వంతు సిబ్బంది వెళ్లిపోయారు. కమిషనర్‌గా వచ్చిన బిల్లీ లాంగ్ గారి పూర్వవృత్తి వేలంపాట. రెండు నెలలు నిండకుండానే ఆయన్ని దింపేశారు, లేకపోతే మా గుర్రానికి మంచి ధర పలికేది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ప్రిపేరర్ల ఫీజులూ అంతే.

జనవరి రాగానే హైదరాబాద్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పోయినేడు ఎవరు చేసిండ్రు? మేమైతే రిఫండ్ ఎక్కువ తెప్పిస్తం." కొత్త చట్టం చదివావా తమ్ముడూ అంటే, "సాఫ్ట్‌వేర్ చూసుకుంటదన్నా." అదే హైదరాబాద్‌లో ఐఆర్‌ఎస్ పరీక్ష మూడు పేపర్లూ రాసి పాసై, మూడేళ్లకు 72 గంటల చొప్పున చదువుతున్న ఎన్‌రోల్డ్ ఏజెంట్లూ ఉన్నారు. ఫోన్ చేసే కుర్రాడికీ వాళ్లకీ తేడా ఎలా కనిపెట్టాలో కస్టమర్‌కు ఆ ఫోన్‌లో ఎవరూ చెప్పరు.

గుర్రాన్ని ఇక్కడ కట్టేస్తాను. లైబ్రరీల్లో కూర్చుని పేదవాళ్లకు ఉచితంగా రిటర్నులు చేసిపెట్టే వీటా వాలంటీర్లు ఏటా ఐఆర్‌ఎస్ పరీక్ష పాసవ్వాలి. తప్పితే ఫారం ముట్టుకోనివ్వరు. ఊరికే చేసేవాడికి పరీక్ష, వందల డాలర్లు గుంజేవాడికి స్వచ్ఛందం! కోర్టు తీర్పు వచ్చిన 2014లోనే ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ మనుషుల్ని మారువేషంలో 19 దుకాణాలకు పంపింది. 17 చోట్ల రిఫండ్ తప్పుగా కట్టారు. కాంగ్రెస్‌కు అది తెలుసు. పదేళ్లు దాటినా కదల్లేదు. జనమే నేరుగా ఐఆర్‌ఎస్‌కు రిటర్న్ వేసుకునేలా 2024లో మొదలైన ఉచిత డైరెక్ట్ ఫైల్‌ను మాత్రం 2026కి లేకుండా చేసి, జనాన్ని మళ్లీ ఈ దుకాణాల గుమ్మాల్లోకే తోలారు.

ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లవాడికి నాన్‌రెసిడెంట్ల ఫారం 1040ఎన్‌ఆర్ వేయాల్సిన చోట రెసిడెంట్ల 1040 వేసి, అర్హత లేని చదువు ఖర్చుల క్రెడిట్ రాసి, వెయ్యి డాలర్లు ఎక్కువొచ్చాయి చూశావా అని కమీషన్ పట్టుకుపోతాడొకడు. సంతకం కూడా పెట్టడు. నోటీసు పిల్లవాడికి వస్తుంది. అసలూ వడ్డీ వాడే కట్టాలి. నిర్లక్ష్యమని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ క్రెడిట్ జోలికి పోకూడని శిక్షా వాడికే. వీసా ఏమవుతుందోనని నిద్రపట్టనిదీ వాడికే. వందల పేజీల ఆ కొత్త చట్టాన్ని రాత్రంతా మేలుకుని ఓట్లేసి గెలిపించుకున్న సభకు, దీన్ని చదివినవాడే డబ్బు తీసుకోవాలని అందులో ఒక్క వాక్యం రాయడానికి చేతులు రాలేదు. పైగా ఆ చదవనివాడికీ ఒక డాలరు తగ్గింపు ఇచ్చారు.