కిక్కురుమనకుండా

బొటనవేలంత నల్లటి రబ్బరు ముక్కని నేను. నడుమ బోల్టు పట్టే బెజ్జం, ఒక చివర టోపీ అంచులాంటి అంచు. పేరు బుష్షు. 1978 నాటి తెల్ల అంబాసిడర్‌కి వెనక కమాన్ కట్ట చివర, దాన్ని చట్రానికి తగిలించే షాకిల్‌లో నా కాపురం. అవతలి వైపు నుంచి దూరి నాకెదురుగా కూర్చున్నది నా జోడు.

పుట్టుకకి నేను చెట్టు పాలని. ఉత్త పాలముద్దనైతే ఎండకి జిగురై, చలికి పెళుసై ఎందుకూ పనికిరాకపోదును. గంధకం కలిపి ఉడికించే కిటుకు 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్‌కి దొరికింది కాబట్టి ఈ సాగుడూ, ఈ గట్టిదనమూ. నలుపంటారా, అది కలిపిన మసి పుణ్యం.

నా పని చెబుతాను. చక్రం ఎత్తు మీదకి ఎక్కితే కమాన్ వంపు తగ్గి, ఆ మేరకు పొడవు పెరుగుతుంది. పెరిగిన పొడవుకి చోటివ్వడానికి షాకిల్ ఉయ్యాలలా ఊగుతుంది. ఊగినప్పుడల్లా ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా నడుమ మెలిపడి, మళ్లీ సర్దుకునేదాన్ని నేను. నేను బాగున్నంత కాలం నేనొకదాన్ని ఉన్నానని కారులో ఎవరికీ తెలియదు.

నాకు మొదటి దెబ్బ పెళ్లిపీటల మీదే తగిలింది. నన్ను ఎక్కించినాయన బండి ఇంకా జాకీ మీద ఉండగానే, కమాన్ కిందికి వేలాడుతుండగానే నట్టు బిగించేశాడు. బండి నేలకి దిగగానే మెలిపడ్డాను. గుంతలో పడితే మెలిపడాల్సిన దాన్ని, షెడ్డులో ఊరికే నిలబడ్డా మెలితోనే బతికాను. కొన్నేళ్లకి అంచు చీలింది. కిర్రుమన్నాను.

రెండో దెబ్బ ప్రేమతో పడింది. కిర్రు వినలేక బండి యజమాని మాస్టారు నూనె డబ్బా తెచ్చి నాలుగు చుక్కలు పోశారు. నాలుగు రోజులు నోరు మూతపడింది. ఆ నూనే లోపలికి ఇంకి నన్ను ఉబ్బించి, మెత్తబరిచి, ముద్ద చేసింది. తర్వాత కిర్రు కాదు, గుంత గుంతకీ ‘టక్కు’. మలుపులో వెనకభాగం తోక ఊపడం మొదలెట్టింది. షాకబ్జార్బర్లు మార్పించారు. టక్కు పోలేదు.

చివరికి విజయవాడ ఆటోనగర్. మేస్త్రి కింద దూరి, షాకిల్ సందులో లివర్ పెట్టి అటూ ఇటూ ఆడించాడు.

“షాకులు కాదండీ మాస్టారూ, బుష్షులు పోయాయి.”

“ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయిందిగా, దొరుకుతాయా?”

“ఆటోనగర్లో అంబాసిడర్ బుష్షు దొరక్కపోవడమేంటండీ!”

బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, ఇరుసు కింద జాకీ ఆనించి, తుప్పు బోల్టుకి కిరసనాయిలు పట్టించి, గంటసేపు సుత్తి ఆడిస్తే నేను బయటపడ్డాను. పాత పేపరు మీద పెట్టారు. గుండ్రటి బెజ్జం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది.

కొత్తది నున్నగా నిగనిగలాడుతోంది. కుర్రాడు గ్రీజు డబ్బాలో వేలు ముంచాడు.

“ఒరేయ్, రబ్బరుకి గ్రీజేంట్రా! సబ్బునీళ్లు తే.”

సబ్బునీళ్లతో చేపలా జారి లోపలికి వెళ్లింది. కుర్రాడు వెంటనే స్పానర్ అందుకున్నాడు. “చేత్తో తిప్పి వదిలెయ్. ముందు బండి దించు” అన్నాడు మేస్త్రి. చక్రాలు నేలకి ఆనాయి. వెనక బంపరు పట్టుకుని నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలాడు. కమాన్ బండి బరువుకి సర్దుకున్నాక, మళ్లీ కింద పడుకుని అప్పుడు బిగించాడు. ఆలస్యమంతా కలిపి పావుగంట. నాకు దక్కనిది ఆ పావుగంటే.

మాస్టారు బండి తీశారు. గేటు దగ్గర స్పీడ్‌బ్రేకర్ మీద ముందు చక్రాలు ఎక్కి దిగాయి, ఆ వెంటే వెనక చక్రాలు. పేపరు మీంచి చెవులు రిక్కించాను.

కిక్కురుమనలేదు.